ఎవరి ఖాతాలో రాయాలి?

పుట్టినవాడు గిట్టక మానడు. మన ఇళ్లలో చావు జరిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ మాట అంటారు. ధమ్మం కూడా సర్వం అనిత్యమనే చెబుతుంది. అలాంటప్పుడు అడవిలో ఎన్ని సింహాలు పుట్టాయి, ఎన్ని చచ్చాయి అని ఏళ్ల తరబడి లెక్క రాయడంలో అర్థమేమిటి? ఆ లెక్కతో బౌద్ధులకు పనేమిటి?

సూరత్‌లో ఉండే తెలుగువాళ్లకు ఇది దూరపు ప్రశ్న కాదు. మేము సాంచాల మీద బతికే ఈ ఊళ్లోనే వజ్రాలు సానబట్టే సౌరాష్ట్రవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్లలో చాలామందిది అమ్రేలీ, భావ్‌నగర్ జిల్లాలు. వాళ్ల సొంతూళ్ల పొలాల్లో ఇప్పుడు సింహాలు తిరుగుతున్నాయి. పండుగకు ఊరెళ్లి వచ్చినవాళ్ల కబుర్లలో వాన, వేరుశనగ, పత్తితో పాటు సింహం కూడా ఉంటుంది.

ఒకప్పుడు పశ్చిమాసియా నుంచి ఉత్తర భారతం దాకా వ్యాపించిన ఆసియా సింహం ఈనాడు అడవి జంతువుగా మిగిలింది గుజరాత్‌లో మాత్రమే. వేట వల్ల ఇరవయ్యో శతాబ్దం మొదటికి అది గిర్ అడవి దాకా కుంచించుకుపోయి, అంతరించే అంచుకు చేరింది. 1968లో లెక్కపెడితే 177 ఉన్నాయి. 2015లో 523, 2020లో 674, 2025 మే నెలలో 891. సగానికి పైగా రక్షిత అడవుల బయటే, పల్లెల మధ్య, పొలాల మధ్య బతుకుతున్నాయి.

ఈ అంకెల వెనుక పెద్ద శ్రమ ఉంది. బీటు సిబ్బంది, జాడ తీసేవాళ్లు రోజూ తిరుగుతారు. మూతి మీద మీసాల మొదట్లో ఉండే చుక్కల వరుస, చెవి చిరుగు, పాత గాయం మచ్చ చూసి ఏ సింహం ఏదో గుర్తిస్తారు. కొన్నింటికి రేడియో కాలర్ కడతారు. కళేబరం దొరికితే పశువైద్యుడు శవపరీక్ష చేసి కారణం రాస్తాడు. పుట్టుకను పట్టుకోవడం మాత్రం చావును పట్టుకోవడం కన్నా కష్టం. దాదాపు 110 రోజులు మోసి కన్న పిల్లలను ఆడసింహం కొన్ని వారాల పాటు పొదల్లో దాచిపెడుతుంది. గుంపులోకి తెచ్చాకే మనిషి కంటపడతాయి. ఆలోపు చచ్చిన కూన ఏ పుస్తకంలోనూ ఉండదు. దాని పుట్టుకా లేదు, చావూ లేదు.

లెక్క ఎంత నిజాయితీగా ఉన్నా దానికి అందని ప్రాణాలు ఉంటాయన్నది మొదటి పాఠం. నిజాయితీ లేకపోతే ఏమవుతుందో రాజస్థాన్‌లోని సరిస్కా చూపించింది. కాగితాల మీద పులులు ఉంటూనే ఉన్నాయి. 2005 నాటికి వెళ్లి చూస్తే ఒక్కటీ లేదు, వేటగాళ్లు తుడిచిపెట్టేశారు. కాకిలెక్కలు ప్రాణాలు తీస్తాయి. ఎందుకంటే ఉన్నాయని రాసుకున్నవాటిని ఎవరూ వెదకరు.

ఇక చావులు. 2023, 2024 సంవత్సరాల్లో గుజరాత్‌లో 286 సింహాలు చనిపోయాయని ఆ రాష్ట్ర ప్రభుత్వం శాసనసభకు చెప్పింది. అందులో 143 పిల్లలే. 58 మరణాలు అసహజమైనవి. ఒడ్డు లేని బావుల్లో పడి, నీళ్లలో మునిగి, వాహనాల కింద నలిగి పోయినవి. 891 అన్న అంకె చూస్తే సంతోషం కలుగుతుంది. 286 అన్న అంకె దాని నీడలో ఉండిపోతుంది. పెరుగుదల అనే మాటకు అలాంటి గుణం ఒకటి ఉంది, అది చావులను కప్పేస్తుంది.

ఇక్కడే ఎవరైనా అడగొచ్చు. సింహం పిల్లల్లో సగం చావడం ప్రకృతే కదా? కొత్త మగసింహం గుంపును చేజిక్కించుకున్నప్పుడు పాత మగసింహం పిల్లలను చంపుతుంది. ఆకలి చంపుతుంది, జబ్బు చంపుతుంది. అనిత్యాన్ని ఒప్పుకున్నవాళ్లు దీనికి కలత పడడమేమిటి?

ఆ కూనల చావుకు మనం బాధ్యులం కాము, నిజమే. కానీ బావికి ఒడ్డు కట్టనిది మగసింహం కాదు. పొలం కంచెకు దొంగతనంగా కరెంటు పెట్టినదీ ప్రకృతి కాదు. చావు తప్పదన్నది సత్యం. ఈ చావు తప్పేది కాదన్నది వేరే మాట, అది చాలాసార్లు అబద్ధం. లెక్క చేసే పని ఈ రెండింటినీ విడదీయడమే. పటిచ్చ సముప్పాదం చెప్పేది కూడా ఇదే. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది ఉండదు. కారణాన్ని తీసేస్తే ఫలం తొలగుతుంది. కారణం రాయని మరణ నమోదు సగం నమోదే.

వినయ పిటకంలో ఒక ఘటన ఉంది. విరేచనాలతో నీరసించి, తన మలంలోనే పడివున్న ఒక భిక్షువును బుద్ధుడు చూశాడు. శరీరం అనిత్యమని చెప్పి ముందుకు సాగిపోలేదు. నిన్ను ఎవరూ ఎందుకు చూడడం లేదని అడిగాడు. నా వల్ల వాళ్లకు ఉపయోగం లేదు గనుక అన్నాడు ఆ భిక్షువు. బుద్ధుడు ఆనందుడితో కలిసి అతన్ని కడిగి పడుకోబెట్టాడు, తర్వాత సంఘాన్ని పిలిచి రోగికి సేవ చేయడం కర్తవ్యమని చెప్పాడు. మొదట చూడడం, తర్వాత ఎందుకని అడగడం, తర్వాత చేత్తో చేయడం. ధమ్మంలో లెక్కకు ఉన్న వరుస ఇది.

మా ఊరికి ఈ పాఠం 1994 సెప్టెంబరులో అందింది. ప్లేగు భయంతో లక్షలమంది సూరత్ వదిలి రైళ్లెక్కారు. పూర్వజన్మ పాపమని చేతులు ముడుచుకున్నవాళ్లు ఊరిని మార్చలేదు. 1995లో మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో చెత్త ఎత్తారు, కాలువలు తీశారు, జబ్బుల సమాచారాన్ని ఎప్పటికప్పుడు సేకరించారు. పూర్వజన్మ కర్మ సిద్ధాంతం పేదల దుస్థితికి సమాజమూ రాజ్యమూ బాధ్యత వహించకుండా తప్పించుకునే దారి అని అంబేద్కర్ ఎందుకన్నాడో అప్పుడు సూరత్ వీధుల్లోనే కనబడింది.

సింహాల గడ్డ మీదే ఇంతకన్నా పాత పాఠం రాతిలో ఉంది. జూనాగఢ్ దగ్గర గిర్నార్ కొండ దారిలో ఉన్న బండ మీద అశోకుని పద్నాలుగు శాసనాలు ఉన్నాయి. మొదటిది ఒక లెక్క. పూర్వం రాజుగారి వంటశాలలో కూరకోసం రోజూ లక్షల ప్రాణులను చంపేవారు. ఇప్పుడు మూడే, రెండు నెమళ్లు, ఒక లేడి, ఆ లేడి కూడా ప్రతిరోజూ కాదు. ఇకమీదట ఆ మూడూ ఉండవు. పదమూడో శాసనం మరో లెక్క. కళింగలో చనిపోయినవారు లక్ష, చెరపట్టబడినవారు లక్షన్నర, ఆ తర్వాత పోయినవారు అంతకు ఎన్నోరెట్లు. మన కర్నూలు సీమలోని ఎర్రగుడి బండ మీద కూడా ఈ శాసనాలు ఉన్నాయి.

ఆ లెక్కలో గమనించవలసింది అంకెలు కాదు. రాజు శత్రువు చేసిన చావులను లెక్కించలేదు. తన వంటింటి చావులను, తన యుద్ధపు చావులను లెక్కించి, తన పేరు మీదే చెక్కించాడు. అలాంటి అశోకుడు కూడా పదమూడో శాసనాన్ని కళింగ గడ్డ మీద, అంటే ధౌళిలో, గంజాం జిల్లాలోని జౌగడలో చెక్కించలేదు. ఈ రోజు సూరత్ మరమగ్గాల మీద పనిచేసే ఒడియా కార్మికుల్లో ఎక్కువమంది ఆ గంజాం వాళ్లే. నొప్పి పడ్డవాళ్ల ఎదుట తన లెక్క విప్పడం ఎంతటివాడికైనా కష్టమే కాబోలు.

ఈ కొలతతో గిర్‌ను చూద్దాం. 2018 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో దల్ఖానియా రేంజిలో 23 సింహాలు చనిపోయాయి. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్, పిడుదుల వల్ల వచ్చే బబీసియా కారణమని తేలింది. అదే వైరస్ 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో మూడోవంతు సింహాలను తీసుకుపోయింది. ఒకేచోట ఉన్న జాతికి ఒక్క జబ్బు చాలు. అందుకే 2013 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు కొన్ని సింహాలను మధ్యప్రదేశ్‌లోని కూనోకు తరలించమంది. ఒక్కటీ వెళ్లలేదు. 2022లో అక్కడికి చేరినవి నమీబియా చీతాలు. గుజరాత్ ప్రభుత్వానికి తన వాదనలు ఉన్నాయి. తన రాష్ట్రంలోనే పోర్‌బందర్ వైపున్న బర్డాను రెండో నివాసంగా పెంచుతోంది. జబ్బు వచ్చినప్పుడు విదేశాల నుంచి టీకాలు తెప్పించింది, వేల బావులకు ఒడ్డు కట్టించింది. ఇవన్నీ మెచ్చవలసిన పనులే.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. మనం సింహాలను లెక్కపెట్టేది అవి బతకాలనా, మావి ఇన్ని అని చెప్పుకోవాలనా? రెండు పనులూ పైకి ఒకేలా కనబడతాయి. పుస్తకం ఒకటే, అంకెలూ ఒకటే. తేడా చావు దగ్గర బయటపడుతుంది. గర్వం కోసం లెక్కపెట్టేవాడికి చావు పరువు తక్కువ, దాన్ని సహజం గడిలోకి తోస్తాడు. కరుణతో లెక్కపెట్టేవాడికి చావు ఒక ప్రశ్న. మొదటిదాన్ని ధమ్మం ఉపాదానం అంటుంది, పట్టుకుని వదలకపోవడం. రెండోది మైత్రి.

మనుషుల చావులకే దిక్కులేని దేశంలో సింహానికి శవపరీక్షా అని మనలో కొందరు అడుగుతారు. ఆ కోపంలో న్యాయం ఉంది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం మాన్యువల్ స్కావెంజింగ్ వల్ల మరణాలేవీ నమోదు కాలేదని పార్లమెంటుకు చెప్పింది. మురుగుకాలువల్లో ఊపిరాడక పోయినవారిని వేరే గడిలో రాశారు. పాకీపని చేసేవారి బతుకులను, చావులను ఏళ్ల తరబడి బయటపెట్టింది బెజవాడ విల్సన్ వంటివాళ్లు నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్. ఆ సంస్థ వేసిన కేసులోనే 2014 మార్చిలో సుప్రీంకోర్టు 1993 నుంచి మురుగులో చనిపోయినవారందరినీ గుర్తించి, ఒక్కో కుటుంబానికి పది లక్షలు ఇవ్వమంది.

కానీ దీనికి జవాబు సింహం పుస్తకాన్ని మూసేయడం కాదు. ఆ పుస్తకంలో ఉన్న ప్రశ్నను మనిషి దగ్గరికి తేవడం. ఎక్కడ, ఎప్పుడు, ఏ కారణంతో, ఎవరి నిర్లక్ష్యంతో? సింహానికి అడగగలిగినవాళ్లు కాలువలో దిగినవాడికి అడగలేమని చెప్పలేరు. ఒడ్డు లేని బావి సింహాన్నీ మింగుతుంది, రైతు బిడ్డనూ మింగుతుంది. ఒడ్డు కడితే ఇద్దరూ బతుకుతారు. కరుణను పంచితే ఎవరి వాటా తరగదు.

పాణాతిపాతం నుంచి విరమిస్తానని మనం శీలం తీసుకుంటాం. చేత్తో చంపకపోతే ఆ శీలం నిలిచినట్టే అనుకుంటాం. కప్పని బావికి, దొంగ కరెంటు కంచెకు, తాడూ ముసుగూ లేకుండా దింపిన మురుగుకాలువకు చెయ్యి కనబడదు. అందుకే లెక్క కావాలి. అది కనబడని చేతిని చూపిస్తుంది. చావు వార్త విన్నప్పుడు గిట్టక మానదు అనే ముందు ఒక్క మాట అడగడం అలవాటు చేసుకుందాం, ఇది ఎవరి ఖాతాలో రాయాలని. కొన్నింటికి జవాబు ప్రకృతి. కొన్నింటికి మనం. ఆ రెండో వరుస ఏటేటా తగ్గుతూ రావాలి, అశోకుడి వంటింట్లో లక్షలు మూడయినట్టు.