కడుపునొప్పికి సాక్షి ఎవరు?

వంటికి వచ్చే నొప్పుల్లో కడుపునొప్పి అంత అపకీర్తి మూటగట్టుకున్నది మరొకటి లేదు. జ్వరానికి థర్మామీటరు సాక్ష్యం చెబుతుంది. కాలు విరిగితే ఎక్స్‌రే చెబుతుంది. పాపం, కడుపునొప్పికి మాత్రం పడేవాడి నోటిమాట తప్ప సాక్షి లేడు. ఆ పడేవాడు పదిహేనేళ్ళ కుర్రాడై, ఎదురుగా పరీక్షలుంటే ఇక చెప్పాలా? దొంగనొప్పి అని తీర్పు ఇచ్చేస్తాం.

శివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్ళలో ఇలాంటి తీర్పే ఒకటి విన్నాను. ప్రభల్ని జనం నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే, ఓ కుర్రాడు పొట్ట పట్టుకుని చెట్టుకింద కూలబడ్డాడు.

"పబ్లిక్ పరీక్షలు దగ్గర పడ్డాయిగా, అందుకే ఈ వేషాలు. స్కానింగు కూడా తీయించామండీ, ఏమీ లేదన్నారు" అన్నాడు తండ్రి నాతో.

"ఏమీ లేకపోతే వాడి మొహం అట్టా ఎందుకు పీక్కుపోద్దిరా?" అంది నాయనమ్మ.

ఇద్దరిలో ఎవరిది న్యాయం?

వైద్యశాస్త్రం నాయనమ్మ వైపే ఉంది. 1958లో ఆప్లే, నైష్ అనే ఇద్దరు వైద్యులు ఇంగ్లండులో 1000 మంది బడిపిల్లల్ని పరిశీలిస్తే, ఇంచుమించు పదిమందిలో ఒకరికి మాటిమాటికీ కడుపునొప్పి వస్తోందని తేలింది. ఇలాంటి పిల్లల్లో చాలామందికి ఎంత వెతికినా పేగుల్లో పుండూ వాపూ కనబడవు. తేడా పేగుల ఆకారంలో కాదు, పనితీరులో. పేగుల గోడల్లో కోట్లకొద్దీ నాడీకణాలున్నాయి. అవి మెదడుతో ఎడతెగకుండా మాట్లాడుకుంటూ ఉంటాయి. ఆ మాటామంతీ బెడిస్తే మామూలు గాలీ, కదలికా కూడా నొప్పిగా తెలుస్తాయి. ఎప్పుడో పట్టుకుని తగ్గిన విరేచనాలు, మలబద్ధకం, చాలని నిద్ర, బళ్ళో దొడ్డికి వెళ్ళలేక బిగబట్టుకోవడం, పరీక్ష భయం, ఇవన్నీ దానికి తోడు. పరీక్షలప్పుడే వచ్చింది గనక అబద్ధమంటారా? భయపడితే చెమట పడుతుంది. ఆ చెమట అబద్ధమా?

నిజానికి ఈ సంగతి మన భాషకు ఎప్పుడో తెలుసు. జాలి కలిగితే కడుపు తరుక్కుపోయిందంటాం. అసూయని కడుపుమంట అంటాం. సుఖంగా ఉన్నవాణ్ణి కడుపులో చల్ల కదలకుండా ఉన్నాడంటాం. మనసు సంగతులన్నీ కడుపుమీద పెట్టి చెప్పుకునే మనం, పిల్లవాడు కడుపు పట్టుకుంటే మాత్రం స్కానింగు కాగితం చూపించమంటాం!

"నమ్మితే నెత్తికెక్కడూ?" అంటారేమో. నమ్మడం వేరు, బడి మాన్పించడం వేరు. "నీ నొప్పి నిజమేరా, ప్రమాదం లేదు, తగ్గుతుంది పద" అంటే చాలు. వేళకు తిండి, వేళకు నిద్ర ఉండాలి. గంటకోసారి ఎట్లా ఉందని అడుగుతూ కూచుంటే మనసు నొప్పి చుట్టూనే తిరుగుతుంది. అయితే బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం పడినా, నొప్పి నిద్రలోంచి లేపినా, వాంతులు ఆగకపోయినా, జ్వరం వదలకపోయినా వెంటనే మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాల్సిందే సుమా.

ఈ కొండమీదే ఒక కథ చెప్పుకుంటారు. గొల్లభామ ఆనందవల్లి గర్భవతి అయి, రోజూ కొండెక్కలేక, నువ్వే మా ఇంటికి రా స్వామీ అని వేడుకుందట. వెనక్కి చూడొద్దని చెప్పి శివుడు ఆమె వెంట బయల్దేరాడట. ఆమె వెనక్కి చూడటంతో దారిలో ఆగిపోయాడు, అది వేరే సంగతి. నాకు నచ్చింది మొదటి సగం. ఆయన రుజువు అడగలేదు. ఎక్కలేకపోతున్నానన్న ఒక్కమాట మీద కదిలాడు.

ఆ సాయంత్రం తండ్రి ఏమనుకున్నాడోగాని, కాసేపటికి వచ్చి కొడుకు పక్కన కూచున్నాడు. చుట్టూ జనం "చేదుకో కోటయ్యా" అని కేకలు వేస్తున్నారు. చేదుకోవడమంటే బావిలోంచి పైకి లాక్కోవడం. నిజంగా మునిగావా అని అడిగి, సాక్ష్యం దొరికాక తాడు వేసేవాడు ఎక్కడైనా ఉంటాడా?