కత్తెర పడకముందు

లండన్ నేషనల్ గ్యాలరీలో ‘దర్జీ’ అనే బొమ్మ ఒకటుంది. ఉత్తర ఇటలీలో బెర్గమో ప్రాంతపు చిత్రకారుడు జొవాన్ని బాత్తిస్తా మొరోని 1565-70 మధ్య వేసింది. మీటరు ఎత్తుండే కాన్వాసు. బల్ల దగ్గర నిలబడ్డ యువకుడు. మీగడరంగు పైచొక్కా, ఎర్ర లాగు, వేలికి ఉంగరం. కుడిచేతిలో పెద్ద కత్తెర, రెండోచేతిలో నల్లబట్ట, దానిమీద తెల్లటి సుద్దగీతలు. ఇంకా కోత పడలేదు. తలెత్తి మనవైపు చూస్తున్నాడు.

ఆ కాలంలో ఇలా బొమ్మ వేయించుకునేవాళ్ళు ఎక్కువగా దొరలూ, మతపెద్దలూ, డబ్బున్న వర్తకులూ. వాళ్ళ చేతుల్లో పుస్తకమో, చేతితొడుగులో, కత్తిపిడో ఉండేవి. పని చెయ్యక్కర్లేని చేతులని చెప్పడానికి అవి చాలు. మొరోని మాత్రం అదే హుందాతనాన్ని, చేతిలో కత్తెర తియ్యకుండానే, ఒక దర్జీకి ఇచ్చాడు.

శ్రమని గౌరవించమంటే మనకి వెంటనే తోచేవి చెమట, కాయలు కాసిన చేతులు, వంగిన నడుము. నిజానికి అక్కడ మనలో కలిగేది జాలి. జాలిపడాలంటే మనం ఒక మెట్టు పైనుండాలి. ఈ దర్జీ ముందు ఆ మెట్టు దొరకదు. మన కొలతలు అతనే తీసుకుంటున్నట్టుంటుంది ఆ చూపు.

సుద్దగీత చెరపొచ్చు, కోత చెరపలేం. మంచి నల్లరంగు అద్దకం అప్పట్లో ఖరీదైన వ్యవహారం. ఎక్కడ కొయ్యాలో తేల్చుకోవాల్సింది అతనే. మొరోని వేసింది ఆ నిర్ణయాన్ని. పనివాడి గౌరవం అతని కష్టంలో కంటే అతని వివేచనలో ఉందని నాకనిపించేది ఇక్కడే.

నా సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో మనుషుల్ని ‘రిసోర్సులు’ అంటారు. ఎంతమంది, ఎన్ని గంటలు అని లెక్కేస్తారు. అలసిపోతే సానుభూతి చూపిస్తారు కూడా. “ఇది ఇలా కట్టడం సరైనదేనా, నువ్వేమంటావ్?” అని అడగడం మాత్రం అరుదు.

ఉంగరం, మంచిబట్టలు ఉన్నాయి కాబట్టే ఇతనికి ఆ మర్యాద దక్కిందని ఎవరైనా అనొచ్చు. కాదనలేను. కందకం తవ్వే కూలీకి మట్టి ఎక్కడ విరిగిపడుతుందో తెలుసు. ఎక్కడ ఆపాలో అతనూ తేల్చుకుంటాడు. అతన్ని గీసినప్పుడు మాత్రం వీపే గీస్తాం, ఆ ఆగిన క్షణాన్ని గీయం. అతని కష్టం చూసి కళ్ళు చెమర్చేవాళ్ళలో, తవ్వకం మొదలుపెట్టేముందు అతని మాట అడిగేవాళ్ళు ఎంతమంది?