ఓగ్బెచే వెళ్లాక మిగిలిన లెక్క

శనివారం మా నవీపేట్‌లో మేకల సంత. పోయిన నెల ఊరికెళ్తే, సంత పక్కన చాయ్ హోటల్లో మా బావ మళ్లీ పాత పంచాయితీ ఎత్తుకున్నాడు. హైదరాబాద్ ఎఫ్‌సీకి రెండు సీజన్లు ఆడి 2023లో వెళ్లిపోయిన నైజీరియా స్ట్రైకర్ బార్తొలొమ్యూ ఓగ్బెచే గురించి.

"ఆయన ఉన్నప్పుడు 42 పాయింట్లు, రెండో స్థానం. పోయినంక 8 పాయింట్లు, ఆఖరి స్థానం. మిగతా 34 ఆయనయే. ఇంకేం కావాలె నీకు?"

ఒకేసారి అయిదు మార్పులు చేసి కోడ్ పగిలితే తప్పు ఏ మార్పుదో చెప్పలేం. నా ఉద్యోగం నేర్పిన మొదటి పాఠం అది. అదే వేసవిలో కోచ్ మనోలో మార్కెజ్ గోవాకు వెళ్లిపోయాడు. తర్వాత జీతాలు అందక సీజన్ మధ్యలోనే ఆటగాళ్లు వెళ్లిపోయారు, కుర్రాళ్లతో నెట్టుకొచ్చారు. ఆ పతనమంతా ఒక్కడి పేరున రాయడం పొగడ్తలా కనిపిస్తుంది గానీ తప్పు లెక్క.

అలాగని ఆయన్ని తగ్గించలేను. 2021-22లో 18 గోల్స్, లీగ్‌లో అందరికంటే ఎక్కువ. కానీ కప్పు తెచ్చిన ఫైనల్లో, 2022 మార్చి 20న, 88వ నిమిషంలో స్కోరు సమం చేసింది సాహిల్ తవోరా. పెనాల్టీల్లో మూడు ఆపింది కట్టిమని. ఓగ్బెచే వెంట ఇద్దరు డిఫెండర్లు కదిలితే పక్కవాడికి దొరికే ఖాళీని ఏ పట్టికలో రాస్తారు?

నిజానికి నా పట్టుదల ఫుట్‌బాల్ గురించి కాదు. నిరుడు ఆరేళ్లు పనిచేసిన టీమ్ వదిలేశాను. మూడు వారాలకి పాత సహోద్యోగికి ఫోన్ చేసి ఎలా నడుస్తోందని అడిగితే "అంతా స్మూత్" అన్నాడు. సంతోషించాలి కదా, ముఖం మాడిపోయింది నాకు. మా కంటే ముందు ఒకతను ఏదీ రాసిపెట్టకుండా, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు. రెండు నెలలు నిద్రల్లేవు మాకు. ఇప్పటికీ అతన్ని జీనియస్ అంటారు. నేను అన్నీ రాసిపెట్టి, ఇద్దరు జూనియర్లకు నేర్పి వచ్చాను. బావ లెక్కన నా విలువ సున్నా. తెలిసింది జేబులో దాచుకున్నవాడికి మాత్రం పూర్తి మార్కులు!

ఇదంతా చెప్తే బావ ఊరుకోలేదు. "మరి బోధన్ షుగర్ ఫ్యాక్టరీ? 2015ల మూతపడ్డంకనే కదరా దాని విలువ తెల్సింది మనకు?"

కాసేపు జవాబు తోచలేదు. చెరుకు రైతుకి ఆ లోటు నిజం, కాదనలేను. కానీ లోటు చెప్పేది మిగిలినవాళ్ల అవసరం ఎంతో. వెళ్లినవాడు ఎంత చేశాడన్నది వేరే ప్రశ్న. రెండూ కలిపేస్తేనే, వెళ్లేవాళ్లం వెనక ఏదైనా కూలితే బాగుండునని లోలోపల కోరుకుంటాం. నేను కోరుకున్నాను. అందుకే ఆ ఫోన్ చేశాను.

బావ చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. "నువ్వు నేర్పిన ఆ ఇద్దరు ఇప్పుడేం చేస్తున్నరు?"

"ఒకమ్మాయి లీడ్ అయింది."

"గది ఎవరి ఖాతాల రాస్తవ్?"

"ఆ అమ్మాయి ఖాతాలోనే."

"సగమన్న నీకు రాస్కోరాదు," అంటూ లేచి మేకల వైపు నడిచాడు. ఓ పోతు వీపు మీద చెయ్యేసి తడిమి చూస్తూ, అప్పుడే బేరం మొదలుపెట్టాడు.