బీజము ఎవరి సొత్తు?

నెల్లూరు జిల్లాలో కావలికి పడమటనున్న జలదంకి ప్రాంతమున ఆవు ఎదకు వచ్చినచో నేటి రైతు పశువుల ఆసుపత్రికి కబురుపెట్టి సూది వేయించును. ఆవు ఆంబోతును చూడకయే చూలుగట్టును. ఇందులో అపచారమున్నదని ఆ ఇంటివారెవ్వరును తలంపరు. ఈనిననాడు జున్ను ఇరుగుపొరుగులకు పంపుదురు. కనుమనాడు దూడ నొసట పసుపు కుంకుమలు పెట్టుదురు. అది ఎట్లు పుట్టినదను ప్రశ్న ఆ పూజకు అడ్డురాదు. పుట్టుక విధము మారినంతమాత్రమున పుట్టిన ప్రాణి పవిత్రత తగ్గదని ఆ గృహస్థు శాస్త్రచర్చ లేకుండగనే తేల్చుకొనినాడు. అతని తీర్పు సరియైనదే. కాని ప్రశ్న అంతటితో ముగియలేదు.

ఆ సీమలోనే మునుపు వేరొక ఆచారముండెను. ఇంటిపెద్ద గతించినపుడు వృషోత్సర్జనము చేసి, మేలైన కోడెదూడను ఏరి, దాని మేన దేవుని ముద్ర వేసి ఊరిమీదికి వదలెడివారు. దానిని కాడికి కట్టరాదు, అమ్మరాదు, కొట్టరాదు. ఏ చేనిలో మేసినను అదిలించి ఊరకుండెడివారు. పేదవాని ఆవుకును, మోతుబరి ఆవుకును అదియే ఆంబోతు. ఒంగోలు జాతి అంత బలిష్ఠముగ నిలుచుటకు ఈ ఆచారమొక ముఖ్యకారణమని పశుశాస్త్రజ్ఞులు వ్రాసిరి. నేడు "అచ్చోసిన ఆంబోతు" అనునది తిట్టుగ మిగిలినది. ఆనాడది ఊరి భాగ్యమునకు పేరు. నాసిరకపు దూడను దేవునికి అంటగట్టి మేలైనదానిని దొడ్డిలో దాచుకొనిన లోభులు ఆనాడును ఉండకపోరు. అయినను ఆచారము చెప్పిన ధర్మము స్పష్టము: బీజము దైవధనము, దానికి వెల లేదు.

ఆ జాతి సముద్రము దాటినది. ఒంగోలు తాలూకా ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోనిదగుటచే బ్రెజిల్ దేశస్థులు దానిని నేటికిని "నెలోరె" అని పిలుతురు. పందొమ్మిదవ శతాబ్దిలోనే అక్కడికి చేరిన ఈ పశువులు 1960 ప్రాంతమున మరికొన్ని వెళ్లిన పిమ్మట ఆ దేశమంతట వ్యాపించినవి. అక్కడ వాటిని పెంచుట ప్రధానముగ మాంసమునకే. ఆ మాట వైష్ణవ గృహములకు కష్టము కలిగించును; అయినను దాచరాదు. 2023 జూన్‌లో ఆ జాతి ఆవు ఒకటి, వియాటినా-19 అనునది, మూడవవంతు వాటా వేలములో అమ్ముడుపోగా, మొత్తము విలువ సుమారు 2 కోట్ల 10 లక్షల రియాలులకు చేరెను. మన లెక్కలో 35 కోట్ల రూపాయలకు దగ్గర. దాని అండములను సేకరించుకొను అవకాశమునకే కొనుగోలుదారులు దాదాపు 2,50,000 డాలర్లు చెల్లించుచున్నారని 2024లో వార్తలు వచ్చినవి. దేవుని పేర ఊరికి వదలిన జాతి అది. దాని అండమునకు నేడు ఈ ధర.

విచిత్రమేమనగా, అదే 2023 జూన్‌లో తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర గోసంరక్షణశాలలో ఒక ఒంగోలు ఆవు సాహివాల్ పెయ్యదూడను ఈనెను. ఆ పిండము దానిది కాదు; పశువైద్య శాస్త్రజ్ఞులు వేరొక ఆవు అండమునుండి రూపొందించి దాని గర్భమున నిలిపినది. ఆవు సహజముగ ఇరువదియొక్క దినములకొకమారు సాధారణముగ ఒక్క అండమునే విడుచును. శాస్త్రజ్ఞులు అండాశయమునుండి అనేకాండములను గ్రహించి, గాజుపాత్రలో ఫలింపజేసి, ఏడుదినముల పిండమును వేరొక తల్లికి అప్పగింతురు. ఒకే మేలైన ఆవునుండి ఏటేట పెక్కు దూడలు కలుగును; అంతరించుచున్న దేశవాళీ జాతులు నిలుచును. దేవుని సేవకు పాలు, నేయి కావలెనన్నచో గోవు మొదట బ్రతికియుండవలెను గదా!

ఇట్టి సందర్భమున దేవకీదేవి ఏడవ గర్భమును యోగమాయ రోహిణీదేవికి చేర్చిన కథను చూపి, మన పూర్వులు ఈ విద్యలన్నియు ఎరిగియుండిరని సభలలో చప్పట్లు కొట్టించుకొనువారు కలరు. భక్తునకు ఆ పొగడ్త అక్కరలేదు. అది భగవత్సంకల్పము, ప్రయోగశాలకు ఋజువు కాదు. ఆ కథలో గమనింపదగినది వేరొకటి. గర్భము జారినదని మథురాపురము దుఃఖించినను ఆ శిశువునకు సంకర్షణుడను నామము నిలిచినది. ఒక గర్భమునుండి లాగబడి వేరొక గర్భమున పెరిగినవాడను నిజమును ఆ పేరే చెప్పుచున్నది. దేవకియు తల్లియే, రోహిణియు తల్లియే. ఏ తల్లియు పాత్రగ వాడి పారవేయబడలేదు.

ప్రతిరూపసృష్టి ఇంతకంటె ముందుకు పోయినది. అండములోని కేంద్రకమును తీసివేసి, పెరిగిన పశువు దేహకణపు కేంద్రకమును అందుంచి పిండమును మొలకెత్తింతురు. 1996లో స్కాట్లండున డాలీ అను గొఱ్ఱెపిల్ల ఇట్లు పుట్టెను. 277 అండములతో ప్రయత్నింపగ దక్కినది ఆ ఒక్కటియే. హర్యానాలోని కర్నాల్ జాతీయ పాడిపరిశోధన సంస్థలో 2009 ఫిబ్రవరిలో పుట్టిన గేదెదూడ కొలది దినములకే మరణించెను. ఆ జూన్‌లో పుట్టిన గరిమ బ్రతికెను. 2023 మార్చిలో అక్కడనే గంగ అను గిర్ దూడ పుట్టెను. దేహకణము గిర్ ఆవుది, అండము సాహివాల్‌ది, మోసినది సంకరజాతి ఆవు. గంగకు తల్లి ఎవరని అడిగినచో మూడు ఆవులు తలయెత్తి చూచును.

రూపము ఒక్కటియైనచో జీవుడును ఒక్కడేనా? బ్రహ్మ లేగలను, గోపబాలురను దాచినపుడు శ్రీకృష్ణుడు తానే ఆ రూపములన్నియు దాల్చి ఏడాది వ్రేపల్లెలో మెలగెను. కొమ్ము, గజ్జె, చేతికఱ్ఱ, నడక, దేనిలోను భేదము లేదు. ఐనను గోవులు మునుపెన్నడు లేనంత ప్రేమతో ఆ లేగలకై పరుగులెత్తెను. బలరామునకు సందేహము కలిగెను. దేహము అచ్చుగ్రుద్దినట్లున్నను లోనున్నది వేరని ప్రేమ పసిగట్టినది. ప్రతి జీవుడును వేర్వేరనియు, ప్రతివాడును శ్రీమన్నారాయణునకే శేషభూతుడనియు శ్రీరామానుజ సిద్ధాంతము. కనుక గంగ తన కణమునిచ్చిన ఆవునకు నకలు కాదు. తన కర్మముతో, తన ఆకలితో వచ్చిన వేరొక ప్రాణి. ఈ మాట ఒప్పుకొనిన పిదప దక్కని 276 అండములను గూర్చియు ఆలోచింపక తప్పదు. ప్రతి అండమును జీవుడని చెప్పజాలము. అంతమాత్రమున లెక్కకురాని చెత్తయనియు చెప్పరాదు. భాగవత తృతీయస్కంధమున కపిలమహర్షి గర్భస్థితిని తొలిరాత్రినుండియే వర్ణించినాడు. మొదటి దినము చూపుకు తగనిదని ఆయన అనుకొనలేదు.

మానవ విషయమున ఈ చింత మరింత బరువైనది. దక్షిణకొరియాలో హ్వాంగ్ వూసుక్ అను శాస్త్రజ్ఞుడు మానవ పిండముల ప్రతిరూపములు చేసితినని 2004, 2005 సంవత్సరములలో ప్రకటించెను. అది అసత్యమని తేలి 2006లో ఆ వ్యాసములు ఉపసంహరింపబడెను. ఆ అబద్ధమునకై స్త్రీలనుండి గ్రహించిన అండములు 2,000కు పైబడినవి. ఇచ్చినవారిలో అతని క్రింద పనిచేయు యువతులును కలరు. యజమాని అడిగినపుడు సేవకురాలు "సరే" అనుట దానమగునా? దానమునకు మొదటి లక్షణము కాదనుటకు స్వేచ్ఛ కదా!

మన దేశపు 2021 చట్టము ఈ అపాయమును గుర్తించినది. అండదానము చేయు స్త్రీ జీవితమున ఒక్కమారే ఈయవలెను. ఏడింటికి మించి తీయరాదు. అండమును గాని పిండమును గాని అమ్మరాదు. అద్దెగర్భపు వ్యాపారమును అదే ఏటి మరియొక చట్టము నిషేధించినది. మానవ ప్రతిరూపసృష్టిని మన వైద్యపరిశోధనామండలి నియమములు ఒప్పవు. ప్రయోగశాలలో మానవపిండమును పదునాలుగు దినములు మించి పెంచరాదందురు. ఆంబోతుపై ముద్రవేసిన ఊరిపెద్దలును, ఈ చట్టము వ్రాసినవారును ఒకే గీత గీచిరి. ఐతే మానవునకు గీచిన ఆ గీత గోవు దొడ్డివరకు పోలేదు. ఆవును అడుగువారు లేరు. ఎన్నిమార్లు అండములు తీయవచ్చునో గృహస్థుని దయయే నిర్ణయించును. గోశాల నడుపువారు ఈ లెక్కను తామే కట్టుకొనవలసియున్నది: ఏ ఆవునుండి ఎన్నిమార్లు, పిండము నిలువని తల్లికి విశ్రాంతి ఎంత, పాలుడిగిన పిదప ఆమెకు తావెక్కడ.

ఇప్పుడు పెయ్యదూడలే పుట్టునట్లు వేరుచేసిన సూదులును పల్లెలకు వచ్చినవి. పదింట తొమ్మిదిమార్లు కోరినట్లే పెయ్య పుట్టునందురు. ట్రాక్టరు దున్నుచున్న జలదంకి పొలములలో కోడెకు పని లేదు, సంతలో ధర లేదు. రైతును తప్పుపట్టుట సులభమే గాని, గడ్డిమోపు కొనువాడతడు. ఆ పదింట ఒకమారు దొడ్డిలో పుట్టిన కోడెదూడ తల్లి పొదుగును కుమ్ముచు పాలు త్రాగుచుండును. దాని తాత ముత్తాతలపై దేవుని ముద్ర వేసిరి. దీనిని ఎవరి పేర వదలుదురు?