సర్వవ్యాపికి ఒక ఊరు: కాశీలో యాత్రికుడి తొలిరోజు

ఈశ్వరుడు అణువణువునా నిండి ఉన్నాడని వేదాంతం చెబుతుంది. ఆ ఈశ్వరుణ్ణే దర్శించడానికి కొండలూ అడవులూ దాటి కాశీకి వెళ్ళమని పురాణం చెబుతుంది. ఈ రెండు మాటలనూ చిన్ననాటి నుంచి వింటూ పెరిగిన యాత్రికుడికి, వీటి మధ్య పొసగనిది ఏదో ఉందన్న సంగతి ఇంటిపట్టున ఉన్నంతకాలం తట్టకపోవచ్చు. కాశీలో అడుగుపెట్టిన తొలిరోజున, గంటల తరబడి వరుసలో నిలిచి, రెప్పపాటు దర్శనం చేసుకుని జనం తోపులాటలో బయటపడినప్పుడు మాత్రం, తన ఊరి శివాలయంలో లేనిది ఇక్కడ ఏముందన్న ప్రశ్న అతని ముందు నిలుస్తుంది. రెండో రోజుకు దారులు అలవాటవుతాయి, చేయవలసిన కర్మలూ చూడవలసిన గుళ్ళూ మనసును ఆక్రమిస్తాయి. కనుక క్షేత్రమహిమ అనే భావనను పరీక్షించి చూడడానికి ఆ తొలిరోజే తగినది.

క్షేత్రం అంటే ఎల్లలు ఏర్పడిన పుణ్యభూమి. తీర్థం అంటే మొదట నదిని దాటే రేవు, ఆపైన సంసారాన్ని దాటించే పవిత్రస్థలం. కాశీ ఈ రెండూ అయినది. ప్రళయంలో కూడా శివుడు విడిచిపెట్టని చోటు కనుక దీనికి అవిముక్తమని మరో పేరు. దీని సరిహద్దు వెంట సాగే పంచక్రోశ ప్రదక్షిణను యాత్రికులు సాధారణంగా ఐదు రోజుల్లో పూర్తిచేస్తారు. హద్దులు లేనివాడికి హద్దులు గీసిన ఈ సాహసాన్ని సంప్రదాయం తెలిసే చేసింది.

తీర్థానికి చేరిన యాత్రికుడు ఉపవాసం ఉండి, క్షౌరం చేయించుకుని, స్నానం చేసి, పితృదేవతలకు శ్రాద్ధం పెట్టాలని ధర్మశాస్త్ర గ్రంథాలు విధిస్తాయి. అన్నపూర్ణ కొలువైన ఊళ్ళో తొలి విధి ఆకలితో ఉండడమే కావడం గమనించదగ్గది. ఆ ఆకలితోనే అతడు తెల్లవారుజామున గంగ ఒడ్డుకు వస్తాడు. హిమాలయాల నుంచి దిగి తూర్పుగా సముద్రం వైపు సాగవలసిన నది ఇక్కడ వంపు తిరిగి ఉత్తరంగా ప్రవహిస్తుంది. ఊరంతా పడమటి ఒడ్డునే ఉంది. ఎదురుగా ఇళ్ళూ గుళ్ళూ లేని ఇసుకమేట, దాని వెనుక నుంచి పైకి వచ్చే సూర్యుడు. స్నానఘట్టాలు ఎనభై నాలుగని లెక్క.

వాటిలో మణికర్ణికను కాస్త ఆగి చూడాలి. మెట్ల దాపునే చక్రపుష్కరిణి అనే చిన్న కొలను ఉంది. విష్ణువు తన చక్రంతో దాన్ని తవ్వాడనీ, తపస్సులో ఆయన ఒంటి నుంచి కారిన చెమటతో అది నిండిందనీ, అక్కడే శివుడి చెవి కుండలం జారిపడిందనీ పురాణకథ. ఆ కొలనుకు కొద్ది దూరంలో రేయింబవళ్ళు చితులు మండుతూనే ఉంటాయి. పేర్చిన కట్టెల మోపులు, తూకం వేసే కాటాలు, వెదురు పాడెల మీద ఎర్రటి, పసుపు జరీ గుడ్డలు కప్పిన శవాలు, వాటి పక్కనే స్నానానికి దిగే జనం కనిపిస్తారు. తక్కిన ఊళ్ళలో శ్మశానం పొలిమేర అవతల ఉంటుంది. ఇక్కడ అది ఊరి నడుమ, దేవుడి గుడికి పోయే దారిలో ఉంది. కాశీకి మహాశ్మశానమన్న పేరు నింద కాదు, బిరుదు. విశ్వేశ్వరుణ్ణి చూడక ముందే యాత్రికుడు తన చావును చూస్తాడు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అన్న తెలుగు సామెత ప్రయాణ కష్టాలను తలచుకుని పుట్టిందే కావచ్చు గాని, ఈ ఘట్టం మెట్ల మీద నిలిచినవాడికి దానిలో మరింత లోతు కనిపిస్తుంది.

విశ్వనాథుడి గర్భగుడిలో లింగం నడిమధ్యన కాక ఒక పక్కగా, వెండి తొడుగు వేసిన చదరపు గుంటలో ఉంటుంది. వీలు కల్పించిన వేళల్లో సామాన్య భక్తుడు కూడా దాన్ని చేత్తో తాకి, తన చెంబులోని గంగాజలాన్ని తానే పోయవచ్చు. శ్రీశైలం వంటి కొన్ని చోట్ల తప్ప మూలవిరాట్టును అర్చకుడే ముట్టుకునే సంప్రదాయంలో పెరిగిన తెలుగు యాత్రికుడికి ఈ స్పర్శ తొలిరోజు కలిగే పెద్ద ఆశ్చర్యాల్లో ఒకటి.

అయితే అతడు నిలిచిన ఆలయం పురాతనమైనది కాదు. ఔరంగజేబు కాలంలో 1669లో పూర్వపు ఆలయం కూలింది. 18వ శతాబ్దిలో అహల్యాబాయి హోల్కర్ పక్కనే ఇప్పటి గుడి కట్టించింది. జ్ఞానవాపి అనే బావి దగ్గరున్న పెద్ద నంది నేటికీ ఈ గుడి వైపు కాక, పూర్వపు ఆలయం చోట వెలసిన మసీదు వైపు చూస్తూ కూర్చుని ఉంది. మరి పవిత్రత రాతిలో ఉంటే, రాయి పోయినప్పుడు అదీ పోవాలి కదా?

ఈ ప్రశ్నకు సమాధానం 1669కి ముందే, 16వ శతాబ్దిలో, కాశీ పండితుడు నారాయణభట్టు ప్రయాగ, కాశి, గయలను గురించి రాసిన త్రిస్థలీసేతువులో ఇచ్చాడు. కాలవశాన లింగాన్ని తీసివేసి మరొకటి ప్రతిష్ఠిస్తే, ఆ స్థానంలో ఉన్నదాన్నే పూజించాలని, అసలు లింగమే లేని దుస్థితి వచ్చినా ఆ స్థలానికే ప్రదక్షిణ నమస్కారాలు చేయాలని అతని నిర్ణయం. విగ్రహం పోయాక కూడా మొక్కు ఆగకూడదన్న ఈ తీర్పులో, దెబ్బతిన్న సమాజం తన గుండె నిబ్బరాన్ని శాస్త్రంగా మలచుకున్న తీరు కనిపిస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, పవిత్రత వస్తువులో కాక, తరతరాలు ఒక చోటుకు వచ్చి తలవంచడంలో నిలుస్తుందన్న అంగీకారం అందులో ఉంది.

అంత మాత్రాన ప్రశ్న తీరదు. జ్ఞానం వల్లనే మోక్షమని అద్వైతం ఘంటాపథంగా చెబుతుండగా, ఒక ఊళ్ళో చనిపోతే చాలు ముక్తి అనడం ఎలా కుదురుతుంది? కాశీలోనే బతికిన నేతగాడు కబీరు, చావబోయే ముందు మగహరుకు వెళ్ళిపోయాడని ప్రసిద్ధి. మగహరులో చస్తే గాడిదై పుడతారని జనం నమ్మేవారు. ఊరే ముక్తినిస్తే రాముడి గొప్పతనం ఏముందన్న అతని వాదాన్ని తేలిగ్గా తోసివేయడానికి వీల్లేదు. సంప్రదాయం చూపే సమన్వయం ఇది: కాశీలో మరణించేవాడి చెవిలో శివుడే తారకమంత్రాన్ని, అంటే దాటించే ఉపదేశాన్ని చెబుతాడు, ఆ ఉపదేశం వల్ల జ్ఞానం, జ్ఞానం వల్ల ముక్తి. స్థలం గురువును కలుసుకునే చోటే గాని, గురువుకు బదులు కాదు. జాబాలోపనిషత్తు ఇంకా ముందుకు వెళ్ళి, అవిముక్తాన్ని మనిషి ముఖంలోనే, కనుబొమలూ ముక్కూ కలిసే చోట చూపిస్తుంది.

ఈ చర్చలో తెలుగువారికి మరీ దగ్గరి ఘట్టం స్కాందపురాణంలోని కాశీఖండంలో ఉంది. 15వ శతాబ్దిలో శ్రీనాథుడు రాజమహేంద్రవరపు వీరభద్రారెడ్డికి అంకితమిచ్చిన కాశీఖండానికి మూలం అదే. వింధ్యపర్వతం గర్వమణచడానికి కాశీని విడిచి దక్షిణానికి వచ్చిన అగస్త్యుడు శ్రీశైలాన్ని చూసి, ఈ శిఖరదర్శనంతో పునర్జన్మ ఉండదని భార్య లోపాముద్రతో అంటాడు. అలాగైతే ఇంకా కాశీ కోసం ఎందుకు తపిస్తున్నారని ఆమె అడుగుతుంది. మన యాత్రికుడి ప్రశ్నే అది, దిశ మారింది అంతే. జవాబులో అగస్త్యుడు కాశీని పొగడడంతో ఆగక మానసతీర్థాలను చెబుతాడు. సత్యం, క్షమ, ఇంద్రియనిగ్రహం, దయ, దానం, సంతోషం ఇవన్నీ తీర్థాలే; నీళ్ళలో మునగడమే స్నానమైతే నీళ్ళలోనే పుట్టి చచ్చే చేపలకు స్వర్గం రావాలి కదా అంటాడు. శరీరంలో కొన్ని భాగాల్లాగే భూమి మీద కొన్ని చోట్లు పుణ్యతరమని, అందుకు నేల ప్రభావం, నీటి తేజస్సు, మునుల స్వీకారం కారణాలని వివరించి, రెండు రకాల తీర్థాల్లోనూ మునిగినవాడే పరమగతి పొందుతాడని ముగిస్తాడు. ఆ మూడో కారణమే అన్నిటికన్నా బలమైనది. మనిషికి శరీరం ఉన్నంతకాలం అతని ప్రార్థనకూ ఒక చోటు కావాలి. ఎక్కడైనా చేయగల పనిని ఎక్కడా చేయకుండా వాయిదా వేయడం మనసుకు సహజం, ‘ఇక్కడ, ఇప్పుడు’ అని గట్టిగా నిలదీసేది క్షేత్రం.

ఆ నిలదీతకు తెలుగు యాత్రికులు ఇచ్చే జవాబు ఒక ఆచారంగా స్థిరపడింది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో పరివారంతో సాగించిన కాశీయాత్ర నెలల తరబడి సాగితే, నేటి యాత్రికుడు రైల్లో రెండు రోజులలోపే చేరుతున్నాడు. దారి కష్టం తగ్గిపోయినా, కాశీలో ఒక కాయో, పండో జీవితాంతం వదిలేసి రావడమన్న నియమం నేటికీ నిలిచి ఉంది. ఎలాగూ తినని కాకరకాయను వదిలేవారు కొందరు. ఉపవాసం ఉన్న తొలిరోజే, కడుపులో ఆకలి కరకరలాడుతుండగా ఈ ఎంపిక చేసుకుంటే, నోరు నిజంగా కోరేది ఏదో తెలుస్తుంది. అలా వదిలిన మామిడిపండు ప్రతి వేసవిలోనూ ఇంటి ముంగిట ఎదురవుతూనే ఉంటుంది.