దింపుడు కళ్లం దాకా

పాడె ఊరు దాటాక, కాడు ఇంకా కొంత దూరం ఉందనగా దాన్ని ఒకచోట నేలకు దింపుతారు. కొడుకో తమ్ముడో వంగి, పోయిన మనిషి చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తాడు. జవాబు రాదు. అప్పుడు పాడెను మళ్లీ భుజాల మీదికి ఎత్తుకుంటారు. ‘దింపుడు కళ్లం ఆశ’ అన్న మాట ఇక్కడి నుంచే పుట్టింది. పలకడని అందరికీ తెలుసు, అయినా పిలుస్తారు. దుబాయిలోనో రియాద్‌లోనో చనిపోయిన మనిషిని నల్లగొండకో పాలమూరుకో తెచ్చి తీరాలా, అక్కడే మట్టి చేస్తే తప్పా అని అడిగితే, నాకు జవాబు ఈ పిలుపులోనే కనిపిస్తుంది. శవం ఇంటికి రావలసింది పోయినవాడి గతుల కోసం కాదు, ఉన్నవాళ్ల ఆశ తెగడం కోసం.

గతుల సంగతి శాస్త్రం ఎప్పుడో తేల్చేసింది. దూరదేశంలో చావు ధర్మశాస్త్రాలకు కొత్త కాదు. కబురు పది రోజుల లోపు అందితే మిగిలిన రోజులే మైల, ఆ తర్వాత అందితే మూడు రాత్రులు అని లెక్క కట్టి చెప్పాయి. శవం దొరకనే దొరకదంటే దానికీ దారి చూపాయి. 360 మోదుగ కాడలతో, తలకు 40 చొప్పున, ఒక్కో అంగానికి ఇన్నని లెక్కపెట్టి మనిషి ఆకారం కట్టి, యవపిండి పూసి, దానికే దహనం చేయమన్నాయి. మోదుగ అంటే ఎక్కడిదో కాదు, మన గుట్టల మీద ఎండాకాలం ముందు ఎర్రగా పూసేదే, మన విస్తరాకుల చెట్టే. అన్నం తినే ఆకుతోనే మనిషిని కట్టి సాగనంపవచ్చని ఒప్పుకున్న శాస్త్రం, శవం రాకపోతే ఆత్మ అలమటిస్తుందని భయపెట్టదు. కాబట్టి శవాన్ని తేలేకపోయిన ఇంటిని ఎవరైనా వేలెత్తి చూపితే, వాళ్లు శాస్త్రం చదవనివాళ్లే.

అలాంటప్పుడు తేవడం దేనికి, చినిగిన బట్ట లాంటి దేహానికి ఇంత ఆరాటమా అని గీత చదివినవాళ్లు అడుగుతారు. బట్ట విడిచినవాడికి దానితో పని లేదు, నిజమే. కానీ దాన్ని ఉతికి, ఆరేసి, మడత పెట్టిన చేతులు మిగిలే ఉన్నాయి కదా. వారాల తరబడి శవాన్ని ఉంచడం అపచారం అనేవాళ్లు రామాయణం వైపు చూడాలి. దశరథుడు చనిపోతే, కేకయ నుంచి భరతుడు వచ్చేదాకా దేహాన్ని తైలద్రోణిలో ఉంచారు. వసిష్ఠుడు దగ్గరుండీ తొందరపడలేదు. ఆనాడు కొడుకు కోసం శవం ఆగింది, ఈనాడు శవం కోసం కొడుకు ఆగుతున్నాడు. తైలద్రోణి బదులు శీతల గది, రసాయనం, సీలు వేసిన పెట్టె.

ఇంకో మాట కూడా ఉంది. దుబాయిలో హిందువులకు దహనవాటిక ఉంది కాబట్టి అక్కడే కాల్చి, అస్థికలు తెచ్చి వాడపల్లిలో కృష్ణా మూసీ కలిసేచోటో, బీచుపల్లిలోనో కలిపితే సరిపోదా? కొందరికి సరిపోతుంది. కానీ సౌదీలో దహనానికి వీలే లేదు. పైగా మన దగ్గర అందరూ కాల్చేవాళ్లు కారు. లింగాయతులు కూర్చోబెట్టి పూడుస్తారు, ఇంకెన్నో కులాల్లో పొలంలోనే సమాధి కడతారు. వాళ్లకు బూడిద చెంబు ఏ లెక్కకూ రాదు.

నా వాదానికి గట్టి పరీక్ష మదీనా. 2025 నవంబరులో మక్కా నుంచి మదీనా వెళ్తున్న బస్సు మంటల్లో నలభైమందికి పైగా భారతీయ యాత్రికులు చనిపోయారు, ఎక్కువమంది హైదరాబాద్ వాళ్లే. వాళ్లను అక్కడే జన్నతుల్ బఖీ శ్మశానంలో ఖననం చేశారు. అక్కడ మట్టి దొరకడం ముస్లింలకు భాగ్యం, పైగా వాళ్ల ధర్మం ఆలస్యం లేకుండా ఖననం చేయమంటుంది. మరి ఇక్కడ శవం రాలేదు కదా? రాలేదు, కానీ ఇంటివాళ్లను అక్కడికి పంపారు. శవమైనా ఇంటికి రావాలి, ఇల్లైనా శవం దగ్గరికి పోవాలి. రెండూ జరగనప్పుడే ఆశ తెగదు. ఏళ్లు గడిచినా గడప చప్పుడైతే తల ఎత్తే ముసలితల్లికి ఏ తత్వమూ అక్కరకు రాదు.

డబ్బు మాట దాటవేయలేం. అప్పు చేసి బిడ్డను విమానం ఎక్కించిన ఇల్లే, పెట్టెకూ అప్పు చేయాలా అంటే, వద్దు. శాస్త్రం కుటుంబాన్ని మన్నించింది గానీ, పని చేయించుకున్నవాణ్ని ఎవరూ మన్నించలేదు. కార్మికుడి దేహాన్ని సిద్ధం చేసి స్వదేశానికి పంపే ఖర్చు యజమానిదేనని యూఏఈ, సౌదీ కార్మిక చట్టాలు రెండూ చెబుతున్నాయి. యజమాని చేతులెత్తేస్తే భారత రాయబార కార్యాలయాల దగ్గర 2009లో పెట్టిన సంక్షేమ నిధి ఉంది, దిక్కులేని కేసుల్లో రవాణా ఖర్చు దాని నుంచే ఇవ్వవచ్చు. శంషాబాద్‌లో దిగిన పెట్టెకు జడ్చర్ల గంట దూరం. అసలు దూరమంతా అవతలే ఉంది: మరణ ధ్రువీకరణ, పోలీసు కాగితం, రద్దు చేసిన పాస్‌పోర్టు, రాయబార కార్యాలయం నిరభ్యంతర పత్రం.

వాటన్నిటికీ ముందు ఇంటి నుంచి ఒక కాగితం అడుగుతారు: శవాన్ని పంపమంటారా, అక్కడే పూడ్చమంటారా అని. దాని మీద చాలాసార్లు భార్య సంతకమో వేలిముద్రో పడాలి. ఆ ముద్ర తీసుకునే ముందు, అందులో ఏం రాసి ఉందో ఆమెకు తెలుగులో చదివి వినిపించండి.