నిజం ఖరీదు

హరిశ్చంద్ర నాటకం చూసినప్పుడల్లా నాకో సందేహం వస్తుంది. సత్యవ్రతం మహారాజు ఇష్టం. ఆడిన మాట తప్పనన్నాడు, తప్పలేదు. బాగానే ఉంది. కాని ఆ సత్యానికి ఖరీదు కట్టిందెవరు? పరాయి ఇంట దాసీగా చాకిరీ చేసిన చంద్రమతీ, పాము కరిచి పడిపోయిన పసివాడు లోహితాస్యుడూను. వాళ్ళని ఒక్క మాటైనా ఎవరడిగారు? చివర్లో దేవతలు దిగివచ్చి పిల్లవాణ్ణి బతికిస్తారు కాబట్టి మనం కళ్ళు తుడుచుకుని ఇంటికొచ్చేస్తాం. దేవతలు రాకపోతే?

దేవతలు రాని చోట ఈ ప్రశ్న ఎలా ఉంటుందో చెక్, స్లోవాక్ ప్రజలకి బాగా తెలుసు. వాళ్ళు మనకి మరీ కొత్తవాళ్ళేం కాదు. బాటా చెప్పులు పుట్టింది వాళ్ళ జ్లీన్ ఊళ్ళోనే. హైదరాబాదు పక్కన రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం లేచింది వాళ్ళ సాయంతోనే. ఆ రెండు జాతులవాళ్ళూ 1918లో కలిసి చెకొస్లోవాకియా అనే దేశం కట్టుకున్నారు. 1948లో కమ్యూనిస్టు పార్టీ అధికారం చేజిక్కించుకుంది. 1968లో అలెగ్జాండర్ దుబ్‌చెక్ అనే స్లోవాక్ నాయకుడు పార్టీ పగ్గాలు పట్టి, జనాన్ని కాస్త నోరు విప్పనిచ్చాడు. ఆ ముచ్చట ఎనిమిది నెలలైనా సాగలేదు. ఆగస్టు 20 రాత్రి సోవియట్ టాంకులూ, వాటి వెనక మిత్రదేశాల సైన్యాలూ వచ్చిపడ్డాయి.

ఆ తర్వాతి కాలానికి ప్రభుత్వంవారు పెట్టుకున్న పేరు ‘సాధారణ స్థితి నెలకొల్పడం’. అదెలాగంటే, పార్టీ సభ్యుల్ని ఒక్కొక్కరినే కూచోబెట్టి, ఆ సైన్యాలు రావడం గురించి నీ అభిప్రాయం ఏమిటని అడిగేవారు. మంచిదే అంటే ఉద్యోగం ఉంటుంది. కాదన్నారా, ప్రొఫెసరుగారు బాయిలర్లో బొగ్గు వేసుకోవాలి, పత్రికా రచయిత కిటికీ అద్దాలు తుడుచుకోవాలి. అంతటితో ఆగితే ఎవరి కర్మ వారిదనుకోవచ్చు. కాని వాళ్ళ పిల్లలకి కాలేజీలో సీటు దొరకడం కూడా గగనమయ్యేది. అసలు కిటుకంతా అక్కడుంది. జైలుకి జంకని తండ్రి కూడా కూతురి చదువు దగ్గరికొచ్చేసరికి మెత్తబడతాడు కదా!

వాక్లావ్ హావెల్ అనే నాటక రచయిత 1978లో ఒక వ్యాసం రాశాడు. అందులో ఒక కూరల కొట్టాయన ఉంటాడు. ఉల్లిపాయలూ క్యారెట్లూ మధ్య, ప్రపంచ కార్మికులంతా ఏకం కావాలన్న బోర్డు పెడతాడు. కార్మికుల మీద ప్రేమ కారిపోయి కాదు. పైనించి పంపారు, పెట్టాడు, అంతే. దాని అసలు అర్థం, “నేను బుద్ధిగా ఉన్నాను, నా జోలికి రాకండి” అని. కూరలకొచ్చిన ఇల్లాలు ఆ బోర్డు కేసి చూడను కూడా చూడదు. ఆవిడ పనిచేసే ఆఫీసులోనూ అలాంటిదే ఒకటి వేలాడుతూ ఉంటుంది.

ఇందులో ఎవరు మోసపోయారు? పెట్టినవాడు నమ్మడు, పెట్టించినవాడూ నమ్మడు. మరి తప్పెక్కడుంది? నేను చాలా రోజులు ఆలోచించాను. నాకు తోచిందేమిటంటే, ఆ బోర్డు తగిలించినవాడికంటే పక్క కొట్టువాడికి ఎక్కువ హాని చేస్తుంది. వీధిలో అందరూ పెట్టాక, పెట్టనివాడు ఎడారిలో తాటిచెట్టులా కనిపిస్తాడు.

1977లో సరిగ్గా ఇదే జరిగింది. ప్రభుత్వం తను రాసుకున్న చట్టాలని తనే పాటించాలని అడుగుతూ, రెండువందల నలభైమందికి పైగా ‘చార్టర్ 77’ అనే కాగితం మీద సంతకాలు పెట్టారు. వారిలో ఒకరైన తత్వవేత్త యాన్ పాతొచ్కా, అరవై తొమ్మిదేళ్ళ మనిషి, గంటలకొద్దీ పోలీసు ప్రశ్నలకి గురై ఆ మార్చిలోనే కన్నుమూశాడు. అంతకుముందు జనవరి 28న ప్రాగ్ జాతీయ నాటకశాలకి నటుల్నీ గాయకుల్నీ పిలిపించి, దానికి వ్యతిరేకంగా సంతకాలు పెట్టించారు. ఆ చార్టర్‌ని పత్రికల్లో అచ్చు వెయ్యనే లేదు. చదవని కాగితాన్ని ఖండించారన్నమాట! మార్తా కుబిషోవా అనే గాయనిని అంతకు చాలా ముందే, 1970లో, దొంగ ఫొటోలు సృష్టించి వేదికెక్కకుండా చేశారు. లక్షలమంది మెచ్చిన గొంతు అది. ఆవిడ ప్లాస్టిక్ సంచులు అతికించి పొట్టపోసుకుంది, చార్టర్‌ మీదా సంతకం పెట్టింది.

ఇప్పుడు మనలో మన మాట. ఆ నాటకశాలలో కూచున్న తల్లి మీరైతే? ఇంటిదగ్గర పన్నెండో తరగతి పిల్ల ఉంది. సంతకం పెట్టకపోతే ఆ పిల్ల చదువు పోతుంది. పెడితే, పెట్టని మరో తల్లి ఇంకాస్త ఒంటరిదవుతుంది. నిజానికి ఖరీదు నా పిల్ల కడుతుంది, అబద్ధానికి ఖరీదు పక్కింటి పిల్ల కడుతుంది. ఎటుచూసినా బిల్లు పిల్లలకే!

అందుకే సంతకం పెట్టిన తల్లిని తిట్టడానికి నాకు నోరు రాదు. కాని ఆవిడ తేలిగ్గా బయటపడిందనీ అనలేను. ఇంట్లో అన్న మాట బడిలో అనకూడదని పిల్లకి నేర్పాలి. రెండు నాలుకలతో పెరిగిన పిల్ల రేపు అమ్మతో మాత్రం ఏ నాలుకతో మాట్లాడుతుంది?

1989 నవంబరులో ఆ ప్రభుత్వం కూలింది. మార్తా ప్రాగ్‌లో ఒక బాల్కనీ మీద నిలబడి, కింద కిక్కిరిసిన జనం ముందు మళ్ళీ పాడింది. హావెల్ అధ్యక్షుడయ్యాడు. 1990 కొత్త సంవత్సరం ప్రసంగంలో, గడిచినదానికి ఎక్కువో తక్కువో మనందరం బాధ్యులమేనన్నాడు. జైళ్ళలో మగ్గినవాడు ఆ ‘మనందరం’లో తనని కూడా కలుపుకోవడం నాకు నచ్చింది. రహస్య పోలీసులకి పనిచేసినవాళ్ళని పెద్ద పదవులకి దూరంగా ఉంచుతూ 1991లో చట్టం వచ్చింది. బోర్డు తగిలించినవాళ్ళ పాపాన్ని తూచే తక్కెడ మాత్రం ఏ చట్టంలోనూ లేదు.

అందరం హరిశ్చంద్రులం కాలేం. కాని సంతకం పెట్టి వచ్చిన ఆ తల్లి, సంతకం పెట్టని ఆవిడ వీధిలో ఎదురైతే ఏం చేస్తుందని ఆలోచిస్తాను. తల తిప్పుకుని అవతలి వైపుకి దాటిపోతుందా? లేక ఆగి, “పిల్లలు బాగున్నారా?” అని అందరూ చూస్తుండగా అడుగుతుందా? నేను ఆవిడనైతే సంతకం విషయంలో నా ధైర్యానికి హామీ ఇవ్వలేను. ఆ పలకరింపు మాత్రం మానకూడదని గట్టిగా అనుకుంటాను.